గేటు టైము

పోయినవారం తాళాలమ్మను మనం సర్వర్ గదిలో, తెరమీద ఎర్రగీత ముందు, చేతిలో కాఫీ కప్పుతో వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచిపోయింది గానీ ఆమెకు ఇంకా ఆ మధ్యాహ్నమే నడుస్తోంది, ఆ కాఫీ ఇంకా చల్లారుతూనే ఉంది. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆ కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ల పెత్తనమంతా ఆమెదే. ఏ మిషన్‌కి ఏ పాస్‌వర్డో ఆమెకొక్కదానికే తెలుసు గనక అందరూ తాళాలమ్మ అంటారు. ఆ పేరంటే ఆమెకూ కించిత్తు గర్వమే. ఆసుపత్రి పరిపాలన చూసే మేడమ్ ఆమెకు స్వయానా ఆడపడుచు. ఆఫీసులో మేడమ్, ఇంట్లో వదిన. కింద కళ్ళజోళ్ళ షాపు నడిపేది ఆ వదినగారి తమ్ముడు, అంటే తాళాలమ్మ మొగుడు. వీళ్ళందరిమీదా పెద్ద డాక్టరుగారు.

సర్వర్ అంటే ఏమిటో అని బెదిరిపోనక్కర్లేదు. వాటాలు వేసి అద్దెకిచ్చిన పెద్ద మేడ అనుకోండి. ఒక వాటాలో రోగుల కంటి ఫోటోలు, ఒక వాటాలో మందుల లెక్క, ఇంకో వాటాలో సిబ్బంది హాజరు. వాటినే వర్చువల్ మిషన్లంటారు. ఈ ఆసుపత్రికి అలాంటి మేడలు రెండు. రోజూ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వచ్చి తలుపు తట్టి, పేరూ పాస్‌వర్డూ చెప్పి, లోపలున్నదంతా నకలు తీసుకుని పోతుంది. అలాంటిది వారం పైగా మొదటి సర్వర్ తలుపు తియ్యడం మానేసింది. లాగిన్ ఫెయిల్డ్, అని ఒక్కటే మాట. రెండో సర్వర్ మాత్రం అదే పేరుకీ అదే పాస్‌వర్డ్‌కీ మర్యాదగా తలుపు తీస్తోంది. అన్నదమ్ముల్లో ఒకడు రా రమ్మంటుంటే ఇంకొకడు మొహం తిప్పుకున్నట్టు.

రోజులు బాగుంటే ఇదేమంత విషయం కాదు. కానీ ఈ సాయంత్రం ఆరింటికి మెయిన్ ప్యానెల్ మార్చడానికి కరెంటు తీసేస్తున్నారు. మొదటి సర్వర్‌లో ఒక డిస్కు ఇప్పటికే మూలుగుతోంది. ఒకసారి ఆర్పితే మళ్ళీ లేస్తుందో లేదో దాన్ని చేసినవాళ్ళే చెప్పలేరు. లేవకపోతే ఏళ్ళ తరబడి తీసిన కంటి ఫోటోలన్నీ పోతాయి. కిందటేడాది ఫోటో పక్కన ఈ ఏటి ఫోటో పెట్టి చూస్తే గానీ లోపలి నరం ఎండిపోతోందో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. పొద్దున్నే పెద్ద డాక్టరుగారు పిలిచి చెప్పేశారు: ఆరులోపు నకలు తీస్తే సరి, లేకపోతే తాళాలన్నీ బయటి కంపెనీకి అప్పగించి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ బయటి కంపెనీని ఆయనకు పరిచయం చేసింది వదినే.

ఇదీ సంగతి. ఇక రండి లోపలికి.

*

సర్వర్ గదిలో ఏసీ హోరు. పంఖాల రొద. తాళాలమ్మ చెవిలో ఫోను, ఫోనులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి. ఆయన పేరేమిటో మొదట్లో చెప్పాడు గానీ ఆమెకు గుర్తులేదు. మాటకొకసారి ముక్కు ఎగబీలుస్తాడు కాబట్టి మనసులో జలుబాయన అని పెట్టుకుంది. ఆమె తెరమీద ఉన్నదంతా ఆయనకు అక్కడ కనిపిస్తోంది.

"మేడమ్, సేవ్ చేసిన పాస్‌వర్డ్ ఒకసారి తీసేసి, మళ్ళీ కొట్టండి."

"ఎన్నోసారో లెక్క కూడా మర్చిపోయానండీ."

"ఇంకోసారి కొడితే పోయేదేముంది?"

"ఎందుకు పోదండీ? మొన్న నేను పాస్‌వర్డ్ మార్చాను. మీ సాఫ్ట్‌వేర్ పాతది పట్టుకుని తలుపు బాదుతూనే కూర్చుంది. అన్నిసార్లు తప్పు కొడుతున్నాడు, వీడెవడో దొంగ అనుకుని, లాగిన్లన్నీ సరిచూసే మా కాపలా మిషన్ బ్యాకప్ అకౌంటే లాక్ చేసేసింది. దాన్ని విడిపించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

జలుబాయన ముక్కు ఎగబీల్చి, "సాఫ్ట్‌వేర్‌ది విశ్వాసం మేడమ్, మీరు చెప్పినదే చెబుతుంది" అన్నాడు. ఆయన జోకు వేశాడో నిజంగానే అన్నాడో ఆమెకు అర్థం కాలేదు. నవ్వే ఓపికా లేదు.

ఆమె కుర్చీలో కూర్చోలేకపోతోంది. లేస్తుంది, రెండడుగులు వేస్తుంది, ఫోను తీగ ఏమీ లేకపోయినా ఎవరో వెనక్కి లాగినట్టు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఈ వారమంతా ఇదే వరస. అన్నం ముందు కూర్చుంటే పాస్‌వర్డ్, పక్కమీద వాలితే పాస్‌వర్డ్. రెండుసార్లు ఆసుపత్రి బస్సు కూడా తప్పిపోయింది. టైముకే బయల్దేరాననుకుంటుంది, సందు చివరికి వెళ్ళేసరికి బస్సు మలుపు తిరిగి పోతూ ఉంటుంది. మతి ఉంటే కదా, అని తనను తానే తిట్టుకుంది.

అన్నిటికంటే మండేది ఇదీ: తను స్వయంగా సర్వర్ ముందు నిలబడి పేరూ పాస్‌వర్డూ కొడితే తలుపు తీస్తోంది. సాఫ్ట్‌వేర్ వెళ్ళి అడిగితే తియ్యట్లేదు. తప్పు పాస్‌వర్డ్‌ది అయితే ఇద్దరికీ తియ్యకూడదు. పాస్‌వర్డ్‌ది కాకపోతే ఇక దేనిది? ఆమె కేబుళ్ళు మార్చింది. సర్వర్ పేరు బదులు అంకెల చిరునామా పెట్టింది. బ్యాకప్ అకౌంట్ తీసేసి కొత్తది పుట్టించింది. కొత్తదాన్ని కూడా ఆ తలుపు గడపలోనే తిప్పి పంపింది.

తలుపు తెరుచుకుంది. ఏసీ చలి తప్పించుకోవడానికి పమిట భుజాల చుట్టూ కప్పుకుని వదిన గుమ్మంలో నిలబడింది.

"ఎంతవరకూ వచ్చింది?"

"చూస్తున్నాను, మేడమ్."

"వారం నుంచీ చూస్తూనే ఉన్నావు. ఆ కంపెనీవాళ్ళు వస్తామని ఫోన్ చేశారు. నేనేం చెప్పను?"

"ఆరుదాకా టైముంది కదా."

"ఆరు అంటే గేటు టైము ఆరా, నీ టైము ఆరా?" అని వదిన గోడ గడియారం వైపు చూసింది. గొంతు కాస్త తగ్గించి, "నేను నీకు శత్రువుని కాదు. కానీ మా తమ్ముడి పెళ్ళాం గనక వెనకేసుకొస్తున్నానని రేపు నలుగురూ అంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఆ సాఫ్ట్‌వేర్‌ని తిడుతూ కూర్చోకుండా, చేతకాకపోతే చేతకాలేదని చెప్పెయ్. అందులో తప్పులేదు" అంది.

తాళాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిస్తే ఇంట్లో కూడా వినపడేంత మాట వస్తుందని తెలిసి నోరు మూసుకుంది. వదిన వెళ్ళిపోయింది. తలుపు దానంతటదే మూసుకుంది.

గేటు టైము అన్న మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆసుపత్రిలో అందరికీ తెలిసిన సంగతే అది. గేటు దగ్గర గడియారం, వార్డుల్లో గడియారాలు, ఆఖరికి ఈ సర్వర్ గదిలో గోడకున్నది కూడా పది నిమిషాలు ముందుంటాయి. వదినే పెట్టించింది. ఆసుపత్రి మూడు గదుల్లో ఉన్న రోజుల్లో నర్సు ఆలస్యంగా వచ్చి, కంట్లో చుక్కలు వేయించుకున్న ముసలాయన ఒకడు ఆపరేషన్ బల్లమీద అలాగే పడుకుని ఎదురుచూడాల్సి వచ్చిందట. ఆ మర్నాడే ఆవిడ కుర్చీ ఎక్కి ముళ్ళు ముందుకు తిప్పింది. అప్పటినుంచీ ఎవరైనా "తొమ్మిదింటికి రా" అంటే అవతలివాళ్ళు "గేటు టైమా, నిజం టైమా?" అని అడగడం అక్కడ ఆనవాయితీ అయిపోయింది.

*

"మేడమ్, లైన్‌లో ఉన్నారా?" అన్నాడు జలుబాయన.

"ఉన్నానండీ. ఎక్కడికి పోతాను?"

"ఒక చిన్న సంగతి. ఆ మొదటి సర్వర్‌లో టైమ్ ఎంత చూపిస్తోంది?"

తాళాలమ్మ తెర మూలకు చూసింది. "మూడూ ఇరవై."

అవతల ముక్కు ఎగబీల్పు ఆగిపోయింది. "ఎంతన్నారు?"

"మూడూ ఇరవై అండీ. మొన్న మీవాళ్ళే ఎవరో అడిగితే ఇదే చెప్పాను. టైమ్ సరిగ్గానే ఉంది. గోడ గడియారంతో కూడా సరిచూశాను."

"మేడమ్, ఏమీ అనుకోకండి. నేను మీ తెరే చూస్తున్నాను. అక్కడ మూడున్నర ఉంది."

ఆమె మళ్ళీ చూసింది. నిజమే, మూడున్నర. తలెత్తి గోడ గడియారం చూసింది. అదీ మూడున్నరే. రెండూ చక్కగా ఒకదానితో ఒకటి సరిపోయాయి. ఫోను చెవినుంచి తీసి చూసుకుంది. మూడూ ఇరవై.

ఫోను గోడ గడియారం పక్కకు ఎత్తి పట్టుకుని రెండూ ఇంకోసారి చదివింది.

పెళ్ళయి అత్తగారింట్లో అడుగుపెట్టిన మొదటిరోజునే ఆ ఇంటి గడియారాలు ఆమెను భయపెట్టాయి. మామగారు ఒకప్పుడు ఉద్యోగానికి వెళ్ళాల్సిన రైలు తప్పిపోయి, ఆ కోపంతో ఇంట్లో ప్రతి గడియారాన్నీ పది నిమిషాలు ముందుకు జరిపారు. కొడుకూ కూతురూ ఆ గాలిలోనే పెరిగారు. కూతురు ఆ అలవాటును ఆసుపత్రికి తెచ్చింది, కొడుకు వేరు కాపురానికి తెచ్చాడు. కొత్త కోడలు మొదట్లో పొద్దున్నే హడావిడి పడిపోయేది. నెలలు గడిచేసరికి కన్ను ఒకటి చూస్తే మనసు పది తీసేసి చదవడం అలవాటైంది. ఇప్పుడు తను తీసేస్తున్నట్టు కూడా ఆమెకు తెలియదు. ఇంట్లో గోడ, ఆసుపత్రిలో గోడ, ఆ గోడ గడియారంతో సరిపోయే టైము ఏదైనా సరే. అలాంటి కళ్ళతో ఆమె వారం రోజులుగా సర్వర్ టైము చూస్తోంది. ఒప్పుగానే ఉందని నలుగురికీ ధైర్యంగా చెప్పింది కూడా. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"మేడమ్? కాపలా మిషన్‌లో టైమ్ ఎంతుంది?"

"అది... అది నిజం టైమే. అది బయటినుంచి తెచ్చుకుంటుంది."

"మరి ఇంకేం, దొరికింది" అని ఆయన గట్టిగా ఒక తుమ్ము తుమ్మాడు.

దొరికింది అంటే ఇదీ. తాళాలమ్మ స్వయంగా సర్వర్ ముందు నిలబడినప్పుడు అది పాస్‌వర్డ్ ఒక్కటే చూస్తుంది. సాఫ్ట్‌వేర్ వచ్చే దారి వేరు. అది ముందు కాపలా మిషన్ దగ్గరకు వెళ్ళి తనెవరో చెప్పుకుంటుంది. కాపలా మిషన్ ఒప్పుకుని టైము వేసిన చీటీ ఒకటి ఇస్తుంది. ఆ చీటీ పట్టుకుని సర్వర్ తలుపు తట్టాలి. సర్వర్ చీటీమీది టైము చూసి, తన గడియారం చూసుకుంటుంది. నాలుగైదు నిమిషాలకు మించి తేడా ఉంటే ఎవడో పాత చీటీ కొట్టుకొచ్చాడనుకుని తిప్పి పంపేస్తుంది. పంపేటప్పుడు నీ చీటీ టైము తప్పు అని చెప్పదు, లాగిన్ ఫెయిల్డ్ అంటుంది. దాంతో ఇక్కడ మనుషులు పాస్‌వర్డ్ మీద పడి ఏడుస్తారు.

తాళాలమ్మ సర్వర్ గడియారం వెనక్కి తిప్పింది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో పరీక్ష బటన్ నొక్కింది. చిన్న చక్రం తిరిగింది. ఈసారి చక్రం ఆగి పచ్చగా టిక్కు పడింది.

"వచ్చిందా?" అన్నాడు జలుబాయన.

"వచ్చింది."

"జాబ్ మొదలుపెట్టండి. రెండు గంటల్లో అయిపోతుంది, ఆరు కొట్టకముందే."

ఆమె మొదలుపెట్టింది. కంటి ఫోటోల వాటా పేరు పక్కన నీలం గీత కదలడం మొదలైంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. ఫోనులో ఆయన కూడా ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు గనక ఎవరు ఎందుకు ఎగబీలుస్తున్నారో ఎవరికీ పట్టింపు లేకపోయింది.

"మేడమ్, ఇంకొక్కమాట. గడియారం దానంతటది పది నిమిషాలు జరగదు. సెకన్లు జరుగుతుంది. ఇది ఎవరో చేత్తో మార్చారు. లాగ్‌లో పేరు ఉంటుంది, చూసుకోండి. మళ్ళీ మారిస్తే మళ్ళీ ఇదే కథ."

ఆమెకు ఎవరు మార్పించారో చూడకుండానే తెలుసు. పది నిమిషాలు ముందుకు. ఆ ఆసుపత్రిలో ఇంకెవరు? అయినా ఎవరేం మార్చారో సర్వర్ రాసిపెట్టుకునే ఆ లాగ్ తెరిచింది. సర్వర్ టైము మార్చిన చోట మార్చిన మనిషి పేరు చూసింది. అక్కడ తన పేరే ఉంది.

తేదీ చూసింది. అమ్మకు కాలు బెణికిందని సెలవు పెట్టి ఊరెళ్ళిన రోజు. ఆ మధ్యాహ్నం తను బస్సులో, కిటికీ పక్కన, అమ్మకోసం కొన్న ఊతకర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని ఉంది.

*

వదిన గదిలో పెద్ద డాక్టరుగారు కూడా ఉన్నారు. తాళాలమ్మకు అదే నయమనిపించింది. తలుపు వేసి, నకలు మొదలైందని ముందు ఆ మాట చెప్పింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి కళ్ళు రుద్దుకున్నారు. ఆయన మొహంలో వారం రోజుల బరువు దిగడం స్పష్టంగా కనిపించింది.

"ఏమిటమ్మా చివరికి?"

"గడియారం, సార్. మొదటి సర్వర్ గడియారాన్ని ఎవరో గేటు టైముకి మార్చారు."

డాక్టరుగారు మెల్లగా తల తిప్పి వదిన వైపు చూశారు. వదిన బల్లమీది పెన్ను తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

"నావైపు చూస్తారేం? ఆ ముఖం చూసి హాజరు వేసే మిషన్ పెట్టిన దగ్గర్నుంచీ అందరూ పది నిమిషాలు ముందొచ్చినట్టు చూపిస్తోంది. గేటు టైముకి విలువ లేకుండా పోయింది. దాన్ని గేటు టైముకి పెట్టమని ఆ మిషన్ మనిషిని అడిగాను. నిలబడట్లేదు మేడమ్, ఎన్నిసార్లు మార్చినా వెనక్కి వచ్చేస్తోంది, దాని వాటా ఉన్న సర్వర్‌లోనే మార్చాలి అన్నాడు. మార్చు అన్నాను. అంతే."

"నన్ను ఒక్కమాట అడగొచ్చు కదా, వదినా." ఆఫీసులో మేడమ్ అనడం మర్చిపోయింది.

"నువ్వు సెలవులో ఉన్నావు. పది నిమిషాల కోసం మీ అమ్మ దగ్గరున్నదానికి ఫోన్ చేసి అడగాలా? మంచికే కదా చేశాను. పదేళ్ళలో ఈ ఆసుపత్రిలో ఒక్క ఆపరేషన్ ఆలస్యం కాలేదంటే ఆ పది నిమిషాల వల్లే. ఎవరైనా కాదనమను."

ఎవరూ కాదనలేదు. అది నిజం కూడా.

"ఆ పది నిమిషాల వల్లే వారం నుంచీ ఈ ఆసుపత్రికి నకలు లేదు" అంది తాళాలమ్మ. "ఆ డిస్కు ఈలోగా పోయుంటే? నాకు చేతకాదని మీరే చెప్పారు. నా గుమ్మంలోకి వచ్చి చెప్పారు."

వదిన మొహం ఎర్రబడింది. "నాకేం తెలుసు గడియారానికీ దానికీ సంబంధముందని? నీకే వారం పట్టింది."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

డాక్టరుగారు చెయ్యెత్తారు. "మీ ఇంటి తగువు ఇంట్లో చూసుకోండి. నాకు ఒకటి అర్థం కాలేదు. సర్వర్ తాళం ఈ అమ్మాయి దగ్గర తప్ప లేదు. ఈ అమ్మాయి ఊళ్ళో లేదు. ఆ మిషన్ మనిషి లోపలికి ఎలా వెళ్ళాడు?"

వదిన పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"లాగ్‌లో ఎవరి పేరుంది?" అని ఆయనే అడిగారు.

అబద్ధం చెప్పే ఆలోచన ఆమెకు రాలేదు. "నాదే, సార్."

"నీ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావా?"

"లేదు, సార్" అంది. అంటుండగానే ఏదో గుర్తొచ్చి నాలుక తడబడింది.

వదిన ఆ తడబాటు చూసింది. చూసి కిటికీ వైపు తిరిగింది. "నేను గడియారం అడిగాను గానీ తాళం అడగలేదు" అంది, ఎవరితోనూ కానట్టు. "అడగకుండానే ఇచ్చినవాళ్ళున్నారు."

ఆ కిటికీలోంచి చూస్తే కింద కళ్ళజోళ్ళ షాపు బోర్డు కనిపిస్తుంది.

పెద్ద డాక్టరుగారు లేచారు. "అమ్మా, నువ్వు నకలు తీశావు, సంతోషం. కానీ నువ్వు లేనప్పుడు నీ పేరుతో ఒకడు రోగుల ఫోటోలున్న సర్వర్‌లోకి వెళ్ళొచ్చాడు. ఎవడో తెలియకుండా ఆ తాళాలు నీ దగ్గర ఎలా ఉంచను? నాకు ఎవర్నీ శిక్షించాలని లేదు. ఆ పేరు మాత్రం కావాలి. కరెంటు తీసేలోపు చెప్పు. లేదంటే పొద్దున అన్నమాటే." గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "ఆరు అంటే నిజం టైమే" అని వెళ్ళిపోయారు.

తాళాలమ్మ వదిన వైపు చూసింది. వదిన ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. ఆ కళ్ళలో గెలుపు లేదు, భయం ఉంది. "వాడు నా తమ్ముడే" అంది మెల్లగా. "నువ్వే ఆలోచించుకో."

*

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది మొత్తం. కిందటి వానాకాలం. జ్వరంతో కళ్ళు తెరవలేక పడుకుని ఉంది. ఆసుపత్రినుంచి ఫోన్, ఏదో సర్వర్ ఆగిపోయిందని. మొగుడు మంచం అంచున కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె ఒక్కో అక్షరం గొణుగుతుంటే ఒక్కో అక్షరం కొట్టాడు. "ఇంత పొడుగేమిటే, నా షాపు బోర్డు కూడా ఇంత లేదు" అని నవ్వించాడు. తడిగుడ్డ నుదుటిమీద మార్చాడు. తగ్గగానే ఆ పాస్‌వర్డ్ మార్చేద్దామనుకుంది. మొగుడే కదా, అని ఊరుకుంది. ఈ వారంలో బ్యాకప్ అకౌంట్ పాస్‌వర్డ్ ఎన్నోసార్లు మార్చింది గానీ తన సొంతది మార్చాలని తోచనేలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ ఆమె మాత్రం పట్టాలని కూడా అనుకోలేదు.

షాపులో కొనేవాళ్ళెవరూ లేరు. ఆయన అద్దాల బల్ల వెనక ఒక ఫ్రేము స్క్రూ బిగిస్తున్నాడు. ఆమెను చూడగానే చేతిలోది కింద పెట్టేశాడు.

"అయిందా? తలుపు తీసిందా?"

"తీసింది. నకలు నడుస్తోంది."

ఆయన ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నిజమైనదే. ఆమెకు ఆయన ఊపిరి తెలుసు. అందుకే ఇంకా బాధనిపించింది. చుట్టూ గోడలకు అద్దాలు, ఎటు చూసినా వాళ్ళిద్దరే. తప్పించుకోవడానికి గోడ గడియారం వైపు చూసింది. అలవాటుగా పది తీసేసింది. తీసేసి, ఇకనైనా ఆ రోగం మానాలనుకుని, ఫోను తీసి సరిచూసుకుంది.

షాపు గడియారం సరిగ్గా ఉంది. పది నిమిషాలు ముందు లేదు.

బస్సు. సందు మలుపు తిరిగిపోతున్న బస్సు. వంటింట్లో గడియారం చూసి, పది తీసేసి, ఇంకా టైముందని తీరిగ్గా కాఫీ తాగిన ఉదయాలు.

"ఇంట్లో గడియారం ఎవరు సరిచేశారు?" అంది.

ఆయన ఆ ప్రశ్న కోసం సిద్ధంగా లేడు. ఇంకో ప్రశ్నకు సిద్ధంగా ఉన్నాడు. "నేనే" అన్నాడు.

"ఎప్పుడు?"

"నువ్వు మొదటిరోజు ఇంటికొచ్చి, సర్వర్ తలుపు తియ్యట్లేదని చెప్పావే. దాని మర్నాడు."

"ఎందుకు?"

ఆయన స్క్రూడ్రైవర్ తీసి, దాని మొనను వేలికి గుచ్చుకుని చూసుకుంటూ నిలబడ్డాడు. "అది చూసినప్పుడల్లా గుర్తొస్తోంది. ఆ రోజు అక్క ఫోన్ చేసింది. మిషన్ మనిషి వచ్చి కూర్చున్నాడు, పది నిమిషాల పని, తాళం లేదు అంది. నేను పైకి వెళ్ళాను. నేనే కొట్టాను. నీ పాస్‌వర్డ్ వాడికి చెప్పలేదు, నేనే కొట్టాను. పోయేటప్పుడు వాడన్నాడు, దీనివల్ల వేరే ఏదైనా కదులుతుందేమో, మీ ఆవిడకి ఒక మాట చెప్పండి అని."

"అంటే మీకు మొదటిరోజునుంచీ తెలుసు."

"అనుమానం."

"వారం" అంది ఆమె. గొంతు పెంచలేదు. "వారం మీ పక్కనే కూర్చుని ఏడ్చాను. అన్నం తినట్లేదని మీరే కలిపి ముద్దలు పెట్టారు. నా చేతిలోంచి తాళాలు పోతున్నాయని తెలుసు. ఇప్పుడు పైన పేరు అడుగుతున్నారు. మీ పేరు చెబితే ఈ షాపు ఉండదు, చెప్పకపోతే నేనుండను. ఒక్కమాట చెబితే అయిపోయేది కదండీ. నేను మిమ్మల్ని ఏమనేదాన్ని? రెండు తిట్లు తిట్టేదాన్ని. అంతేగా?"

ఆయన తలెత్తాడు. అద్దాలన్నిట్లోనూ తలెత్తాడు. ఆ కళ్ళలో తప్పు చేసినవాడి సిగ్గు ఉంటుందనుకుంది. ఉన్నది అది కాదు. ఇంకా చెప్పని మాట ఒకటి ఉన్నవాడి కళ్ళు అవి.

"గడియారం ఒక్కటే అయితే ఆ రోజే చెప్పేసేవాణ్ణి" అన్నాడు.